క్రౌన్ దింపకముందే: పాత అంబాసిడర్ వెనకనుంచి వచ్చే రొదని పట్టుకోవడం ఎలా

మా పాలకొల్లు చుట్టుపక్కల పాత అంబాసిడర్ వెనకనుంచి ఊఁ... అని రొద మొదలైతే, ఏ షెడ్డుకి తీసుకెళ్ళినా ముందు వినపడే మాట ఒకటే: "క్రౌన్ పోయిందండి, దింపాలి." దింపడం పెద్ద కష్టమేం కాదు. మళ్ళీ ఎక్కించడమే అసలు పని. క్రౌన్ అంటే వెనక ఇరుసులో చక్రాల్ని తిప్పే పెద్ద పళ్ళ చక్రం, పినియన్ దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం. రెండూ కంపెనీలో ఒకదానితో ఒకటి అరగదీసి జత చేసినవి. షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) అటూ ఇటూ అయినా, పినియన్ నట్టు బిగింపు మారినా, అంతవరకు నిశ్శబ్దంగా ఉన్న జత కూడా కూత మొదలెడుతుంది. అందుకే నేను ప్రతివాళ్ళకీ చెప్పేది ఒక్కటే. ఆ శబ్దం ఏ షాఫ్టుతో పాటు తిరుగుతోందో తేలేదాకా ఒక్క బోల్టు కూడా విప్పొద్దు. తేల్చడానికి కావలసింది ఖాళీ రోడ్డు, పక్కన కూర్చోడానికి ఒక మనిషి, ఒక పొడుగు స్క్రూడ్రైవరు, కొంచెం ఓపిక.

నేను రైసుమిల్లులో ఫిట్టర్ని. లైను షాఫ్టులు, ఎలివేటర్లు, ఫ్యాన్లు, వాటి బేరింగులు నా రోజువారీ పని. బేరింగు హౌసింగ్ మీద కర్ర ఆనించి రెండో కొస చెవికి పెట్టి వినడం మిల్లులో నేర్చుకున్నదే. కారుకీ అదే పనికొస్తుంది. నా బండి మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్, గేరు కర్ర స్టీరింగ్ పక్కనే. రాజోలు వైపు చాలాకాలం టాక్సీగా తిరిగింది. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని దాటించే పడవ) ఎక్కి నరసాపురం వచ్చిపోయిన బండి కాబట్టి కింద ఉప్పు తగలని నట్టు లేదు. నా చేతికి వచ్చేసరికి దాంట్లో మూడు రకాల శబ్దాలున్నాయి. నడక వేగంలో కిచకిచ. క్లచ్చి వదలగానే ఠంగుమని ఒక దెబ్బ. 40 దాటాక ఊఁ అనే రొద. షెడ్డులో మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టారు, క్రౌన్ అని. మూడూ వేరు వేరు అని ఎలా తేలిందో ఆ క్రమంలోనే చెబుతాను.

ఏది ఎంత వేగంగా తిరుగుతుంది

అంబాసిడర్‌లో ముందు ఇంజను, దాని వెనక క్లచ్చి, గేరుబాక్సు, అక్కణ్ణించి వెనక్కి ప్రొపెల్లర్ షాఫ్టు, దాని రెండు కొసల్లో క్రాసులు (వంపులో కూడా తిరగనిచ్చే కీళ్ళు), ఆపైన పినియన్, క్రౌన్, రెండు పక్కల యాక్సిల్ షాఫ్టులు, చక్రాలు బిగించే హబ్బులు. క్రౌన్, పినియన్ ఉండే వెనక ఇరుసు పెట్టెనే హౌసింగ్ అంటాం. నాలుగు గేర్ల బాక్సులో నాలుగోది డైరెక్ట్. అంటే టాపులో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లరూ అన్నే తిరుగుతుంది. చక్రం మాత్రం వెనక రేషియో కొద్దీ నెమ్మదిగా తిరుగుతుంది.

మీ బండి రేషియో తెలియకపోతే ఇలా చూడండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక ఒక్క చక్రం లేపండి. రెండోది నేలమీదే ఉండాలి. ప్రొపెల్లర్ మీద సుద్దతో గీత గీసి, లేపిన చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆ లోపల ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే రెండు.

ఈ లెక్క ఎందుకంటే, టైరు చుట్టుకొలత రమారమి రెండు మీటర్లు. గంటకి 15 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి రెండు చుట్లు తిరుగుతుంది. రేషియో నాలుగున్నర అనుకుంటే ప్రొపెల్లర్ తొమ్మిది చుట్లు. చక్రానికి సంబంధించిన దెబ్బని తొడమీద చేత్తో తాళం వేసి లెక్కపెట్టొచ్చు. ప్రొపెల్లర్‌ది లెక్కపెట్టలేం, అది గరగరలాగానే వినపడుతుంది. అదే 60లో వెళ్తుంటే చక్రం సెకనుకి ఎనిమిది, ప్రొపెల్లర్ ముప్ఫయ్యారు దాకా. అందువల్ల నెమ్మదిగా వెళ్ళేటప్పుడే శబ్దాన్ని లెక్కపెట్టడం తేలిక. చాలామంది స్పీడు పెంచి వింటారు, అక్కడ అన్నీ కలిసిపోతాయి.

రోడ్డు మీద

మన డెల్టాకి ఒక సుఖం ఉంది. నేల పళ్ళెంలా చదును. కాలవ గట్టు రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ ఒకే వేగంతో, ఒకే బరువుతో పోవచ్చు, ఎత్తుపల్లాలు మధ్యలో వచ్చి శబ్దాన్ని మార్చవు. తెల్లారగట్ల ట్రాక్టర్లు, ధాన్యం లారీలు రాకముందు వెళ్ళండి. రేడియో, ఫ్యాను ఆపండి. డిక్కీలో జాకీ, పానాలు, స్టెప్నీ కదలకుండా కట్టేయండి, లేదా తీసి ఇంట్లో పెట్టండి. సగం శబ్దాలు అక్కడివే. మిమ్మల్ని వినమని చెప్పను, నడిపేవాడు సరిగా వినలేడు. ఒకరు నడపాలి, ఒకరు వెనక సీట్లో కూర్చుని వినాలి. నాకు మా మేనల్లుడు నడిపిపెట్టాడు.

మొదటి పరీక్ష న్యూట్రల్. రొద బాగా వినపడే వేగం దాకా తీసుకెళ్ళి, క్లచ్చి నొక్కి గేరు న్యూట్రల్ చేసి బండిని దానంతట అది పోనివ్వండి. ఇంజను మాత్రం ఆపొద్దు, బ్రేకుకి సర్వో (ఇంజను బలంతో బ్రేకుకి సాయం చేసేది) ఉన్న బండి అయితే ఆ బలం పోతుంది, స్టీరింగ్ లాకు ఉన్న బండి అయితే ఇంకా ప్రమాదం. న్యూట్రల్‌లో కూడా రొద అలాగే ఉండి, బండి నెమ్మదించేకొద్దీ స్థాయి దిగుతూ పోతే, అది ఇంజనుదీ క్లచ్చిదీ కాదు. టైర్లు, హబ్బు బేరింగులు, ప్రొపెల్లర్, వెనక హౌసింగ్ బేరింగులు, వీటిలో ఏదో ఒకటి. న్యూట్రల్ చేయగానే పూర్తిగా ఆగిపోతే, బరువు పడితేనే మాట్లాడే వస్తువు అది: క్రౌన్ పళ్ళు, గేరుబాక్సు పళ్ళు, ఇంజను మౌంటింగులు, బాడీకి తగులుతున్న సైలెన్సర్ గొట్టం.

రెండోది గేరు మార్చి చూడటం. అదే 40 వేగంలో ఒకసారి టాపులో, ఒకసారి మూడులో వెళ్ళండి. కూత స్థాయి మారకపోతే అది రోడ్డు వేగంతో నడిచేది, గేరుబాక్సుకి వెనక ఉంది. మూడులో కూత పైకి లేస్తే అది ఇంజను వేగంతో నడిచేది, ముందు ఉంది. నన్నడిగితే ఈ ఒక్క పరీక్ష సగం పని తేల్చేస్తుంది. అయినా షెడ్డులో ఎవరూ చేయరు.

మూడోది బరువు మార్చడం. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు, పూర్తిగా వదిలేసి గేరులోనే బండి తగ్గుతున్నప్పుడు, రెండిటికీ మధ్య లాగకుండా నెట్టకుండా తేలికగా పోతున్నప్పుడు రొద ఎలా ఉందో మూడుసార్లు వినాలి. చదును నేలలో ఈ తేడా రాబట్టడానికి నేను చించినాడ వంతెన వాడుకుంటాను. దిండి వైపు నుంచైనా, మనవైపు నుంచైనా ఎక్కేటప్పుడు ఇంజను లాగుతుంది, దిగేటప్పుడు చక్రాలే ఇంజనుని నెడతాయి. మీది రావులపాలెం అయితే జొన్నాడ వంతెన, పెనుగొండ వైపైతే సిద్ధాంతం వంతెన. జాతీయ రహదారి మీద లారీలు ఎక్కువ, వెనక చూసుకుని చేయండి, వంతెన మీద మాత్రం ఆపొద్దు.

నాలుగోది ఊపు. ఖాళీ రోడ్డు మీద 40లో స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు రొద పెరిగితే కుడివైపు బేరింగు అనుమానించండి. ముందు చక్రాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది, వెనక ఇరుసులో అంత స్పష్టంగా రాదు. నా బండి కుడికి తిప్పినప్పుడు కాస్త గట్టిగా మూలిగింది, అంతే. దాన్ని గుర్తుపెట్టుకున్నాను కానీ దానిమీదే తీర్పు చెప్పలేదు.

టైర్లని ముందు తప్పించండి

వెనక టైరు ఎగుడుదిగుడుగా అరిగితే వచ్చే రొద అచ్చంగా బేరింగు రొదే. నెలల తరబడి కొబ్బరాకు షెడ్డులో ఒకేచోట నిలబెట్టిన బండి టైర్లకి అడుగు చదునవుతుంది, అవి మొదటి కిలోమీటర్లలో దబదబలాడతాయి. తేల్చడం తేలిక. తారు రోడ్డు నుంచి ఊళ్ళో సిమెంటు రోడ్డు మీదకి అదే వేగంతో దిగండి. టైరు రొద అయితే వెంటనే మారిపోతుంది. బేరింగుది, క్రౌన్‌ది మారదు. ఇంకా అనుమానం ఉంటే ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. రొద ముందుకి వచ్చేస్తే డబ్బు మిగిలింది. నా బండిలో మార్చినా రొద వెనకే ఉంది.

ఇంజను, క్లచ్చి, గేరుబాక్సు

నిలబెట్టిన బండిలో ఇంజనుని అదే వేగానికి లేపి వినండి. అప్పుడూ వస్తే డైనమో, నీళ్ళ పంపు, ఫ్యాను బెల్టు చూడాలి, ఆ దారి వేరు. న్యూట్రల్‌లో క్లచ్చి వదిలి ఉన్నప్పుడు గరగర వచ్చి, నొక్కగానే ఆగితే గేరుబాక్సు ముందు బేరింగు. దానికి ఎదురుగా, నొక్కినప్పుడే వస్తే క్లచ్చి బేరింగు. పాత బ్రిటిష్ డిజైన్ల క్లచ్చిల్లో బాల్ బేరింగు బదులు కార్బన్ రింగు ఉండేది, అది అరిగి ఇనుముకి ఇనుము తగిలితే కీచుమంటుంది. ఒకటి, రెండు, మూడు గేర్లలో రొద ఉండి టాపులో మాయమైతే లే షాఫ్టు (గేరుబాక్సులో కింది పళ్ళ షాఫ్టు) వైపు చూడండి, ఎందుకంటే టాపులో బలం దాని పళ్ళ మీదుగా పోదు. మీటరు కేబులు ఎండిపోతే డ్యాష్‌బోర్డు వెనక టికటిక వస్తుంది, అది బాడీలో పాకి వెనకనుంచి వచ్చినట్టే వినపడుతుంది. కేబులు ఊడదీసి ఒక చుట్టు తిరిగి రండి, తేలిపోతుంది.

ప్రొపెల్లర్, క్రాసులు

మన వైపు బండ్లకి ఎక్కువగా పోయేది ఇదే. క్రాసు కప్పుల్లో సన్నని నీడిల్ రోలర్లుంటాయి. గ్రీజు ఎండినా, ఉప్పునీళ్ళు దిగినా అవి తిరగడం మానేసి ఒకేచోట ఒరుసుకుంటాయి. నడక వేగంలో కిచకిచ అనేది ఆ ఎండిన నీడిల్సే. వేగం పెరిగితే ఆ శబ్దం ఆగదు, మిగతా మోతలో మునిగిపోతుంది, అంతే. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లు, పంటు దిగుడులో వెనక చక్రాలు తడిసే బండ్లు దీనికి ముందు బలవుతాయి.

బండి కిందకి దూరి టార్చి వేసి చూడండి. కప్పు సీలు దగ్గర ఎర్రటి పొడి కనపడిందా? అది తుప్పు పొడి. ఆ క్రాసు లోపల గ్రీజు లేదు. గ్రీజు గన్ను పెట్టి కొడితే నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటకి రావాలి. మూడు నుంచే వస్తే నాలుగోది మూసుకుపోయింది. కొత్త గ్రీజు కొట్టాక కిచకిచ ఆగిపోతే సంతోషించొద్దు. తుప్పు పట్టిన క్రాసుకి అది కొన్ని రోజుల మందు మాత్రమే. నా బండిలో వెనక క్రాసు విప్పితే కాళ్ళ మీద నీడిల్స్ అచ్చులు పడి ఉన్నాయి, గోరు పెట్టి గీస్తే గోరు ఆగింది. గోరు ఆగితే మార్చెయ్యడమే.

లూజు చూసేటప్పుడు బండి చదునుగా, చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఉండాలి. ఒక చేత్తో ప్రొపెల్లర్, ఇంకో చేత్తో పినియన్ ఫ్లాంజి (షాఫ్టుని పినియన్‌కి బిగించే బిళ్ళ) పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి, తర్వాత పైకి కిందకి ఊపండి. క్రాసులో ఏ దిక్కునా కదలిక ఉండకూడదు. ప్రొపెల్లర్‌తో పాటు ఫ్లాంజి కూడా కలిసి కొంచెం తిరిగి ఆగితే అది క్రౌన్, పినియన్ పళ్ళ మధ్య, స్టార్ గేర్ల (మలుపులో రెండు చక్రాల్నీ వేరు వేరు వేగాల్లో తిరగనిచ్చే చిన్న పళ్ళ చక్రాలు) మధ్య ఉండే ఖాళీ. పాత బండిలో ఆ ఖాళీ కాస్త ఉంటుంది, దాన్ని చూసి భయపడి క్రౌన్ దింపించేవాళ్ళే ఎక్కువ. ఫ్లాంజి పైకి కిందకి కదిలితే మాత్రం పినియన్ బేరింగు లూజైంది. అది ఆలస్యం చేయకూడని సంగతి.

షాఫ్టు విప్పేముందు నాలుగు చోట్ల పెయింటుతో గీతలు పెట్టండి: ఫ్లాంజీల దగ్గర రెండు, స్ప్లైన్ జాయింటుకి (షాఫ్టు ముందుకీ వెనక్కీ జారే పళ్ళ జాయింటు) అటూ ఇటూ రెండు. స్ప్లైన్ జారి ఒక పన్ను తప్పి కూర్చుంటే షాఫ్టు రెండు కొసల యోకులు (క్రాసుని పట్టుకునే చీలికలు) ఒకే వరసలో ఉండవు. క్రాసు వంపులో తిరిగేటప్పుడు ప్రతి చుట్టుకీ రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. యోకులు ఒకే వరసలో ఉంటే ముందు క్రాసు చేసినదాన్ని వెనక క్రాసు సరిచేస్తుంది. వరస తప్పితే రెండూ కలిసి బండిని వణికిస్తాయి. నా బండిని నాకు అమ్మకముందు ఎవరో ఒక షెడ్డులో ఈ గీతలు పెట్టకుండానే ఎక్కించారు. 50 దగ్గర సీటు కింద వచ్చిన సన్నటి వణుకు ఆ ఒక్క పన్ను సరిచేస్తే పోయింది, పైసా ఖర్చు కాలేదు. మీ బండి ప్రొపెల్లర్ రెండు ముక్కలదైతే మధ్య బేరింగు, దాని రబ్బరు కూడా చూడాలి. మారుతి 800 లాంటి ముందు చక్రాల బండికి ఈ గొడవే లేదు, దాంట్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి లాగినప్పుడు టకటక అంటే ముందు యాక్సిల్ జాయింటు.

ఇక ఠంగుమనే దెబ్బ. క్రాసు లూజైనా అదే దెబ్బ, కమాన్ కట్టల్ని ఇరుసుకి బిగించే యూ బోల్టులు లూజైనా అదే దెబ్బ, గేరుబాక్సు మౌంటింగ్ రబ్బరు తెగినా అదే. ఒక మనిషి బ్రేకు నొక్కి పట్టి, గేరులో పెట్టి, క్లచ్చిని కొంచెం కొంచెం వదులుతూ మళ్ళీ నొక్కుతుంటే, ఇంకో మనిషి పక్కన దూరంగా నిలబడి చూడాలి, బండికి ముందూ వెనకా మాత్రం ఎవరూ ఉండకూడదు. కమాన్ మీద హౌసింగ్ జరుగుతోందా, గేరుబాక్సు లేస్తోందా కనపడిపోతుంది. నా బండిలో ఎడమ యూ బోల్టు నట్లు రెండూ చేతికి తిరిగాయి. వాటిని బిగించాక దెబ్బ సగానికి తగ్గింది, క్రాసు మార్చాక పూర్తిగా పోయింది.

లేపి వినడం

ఇక్కడ జాగ్రత్త ముఖ్యం. మన నల్లమట్టి వానాకాలంలో జాకీని మింగేస్తుంది. సిమెంటు నేల లేకపోతే వెడల్పాటి తాటి దూలం ముక్క కింద వేసి దానిమీద జాకీ పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఎప్పుడూ ఆధారం కాదు, అవి చెప్పకుండా పగులుతాయి. ఇనప స్టాండ్లే వాడాలి. వాటిని బాడీ కింద కాకుండా హౌసింగ్ గొట్టాల కింద పెట్టండి. బాడీని లేపితే హౌసింగ్ కిందకి వేలాడి క్రాసు వంపు పెరుగుతుంది, రోడ్డు మీద లేని వణుకు పుట్టి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. రెండు వెనక చక్రాలూ గాల్లో ఉండాలి. ఒక్కటే లేపి ఇంజనుతో తిప్పితే నేలమీద ఉన్న చక్రం బండిని జాకీ మీదనుంచి లాగేయగలదు. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని ఆ దగ్గరకి పోవద్దు, తిరిగే ప్రొపెల్లర్‌కి గుడ్డ కొస చాలు.

ఇంజను వేయకముందు చేత్తో చూడాలి. చక్రాన్ని ఒక చేత్తో తిప్పుతూ రెండో అరచేతిని ఆ పక్క కమాన్ కట్ట మీద ఆనించండి. బేరింగు గరుకు కమాన్‌లోకి పాకి వేళ్ళకి తెలుస్తుంది, చెవికి అప్పటికింకా ఏమీ వినపడదు. మా ఎడమ కమాన్ సన్నగా గరగరమంది, కుడిది నున్నగా ఉంది. బ్రేకు షూ ఒరిసినా గరుకు తెలుస్తుంది కాబట్టి ముందు షూలు వెనక్కి తిప్పి వదులు చేయండి, హ్యాండ్ బ్రేకు దింపి ఉంచండి. వానలో నిలబడిన బండి డ్రమ్ములోని తుప్పు కూడా ఇలాగే గీరుతుంది.

తర్వాత ఇంజను వేసి, టాపులో మీటరు 40 చూపించేలా నడిపిస్తూ, పొడుగు స్క్రూడ్రైవరు మొన హౌసింగ్ మీద, పిడి చెవి ముందు ఎముక మీద పెట్టి వినండి. బ్రేకు ప్లేటు దగ్గర ఎడమ, కుడి, పినియన్ ముక్కు, క్రౌన్ పక్క బేరింగుల దగ్గర రెండు చోట్ల, ఇంతే. తిరిగే దేన్నీ ముట్టుకోవద్దు. పినియన్ బేరింగు పాడైతే సన్నటి, ఎత్తు స్థాయి గరగర, బరువు ఉన్నా లేకపోయినా ఒకేలా. పక్క బేరింగులది లోతైన రొద. గాల్లో బరువు ఉండదు కాబట్టి క్రౌన్ పళ్ళ కూత ఇక్కడ బయటపడకపోవచ్చు, దాన్ని వంతెన దగ్గరే వినాలి. స్టార్ గేర్లు పాడైతే నేరుగా వెళ్ళేటప్పుడు మాట్లాడవు, మలుపులోనే గరుకుమంటాయి.

మా బండిలో ఎడమ బ్రేకు ప్లేటు దగ్గర స్క్రూడ్రైవరు చెవిని కొట్టినంత పని చేసింది. పినియన్ దగ్గర నూనెలో పళ్ళు తిరిగే మెత్తటి మోత మాత్రమే. ఎడమ హబ్బు విప్పాం. గ్రీజు తెల్లగా పాలిపోయి ఉంది, బేరింగు బయటి రింగులో పొక్కులు లేచి ఉన్నాయి. హబ్బు నట్టు విప్పేవాళ్ళకి ఒక మాట: కొన్ని పాత బండ్లలో ఎడమవైపు నట్టుకి ఎడమ మర ఉంటుంది, గొట్టం వేసి బలవంతం చేసేముందు మర ఎటు ఉందో చూసుకోండి. బేరింగుతో పాటు ఆయిల్ సీలు కూడా మార్చండి, లేకపోతే హౌసింగ్ నూనె బ్రేకు షూల మీదకి వస్తుంది.

నూనె ఏం చెబుతుంది

హౌసింగ్ నూనెని బండి కాస్త తిరిగొచ్చాక, వెచ్చగా ఉన్నప్పుడు శుభ్రమైన పళ్ళెంలోకి దింపండి. తెల్లగుడ్డ మీద రెండు చుక్కలు వేసి ఎండలో చూడండి. మసిలాంటి సన్నటి పొడి పాత బండిలో మామూలే. వేళ్ళ మధ్య గుచ్చుకునే మెరిసే రేకులు వస్తే బేరింగో పళ్ళో పెచ్చులూడుతున్నాయి, అప్పుడు దింపక తప్పదు. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి.

నీళ్ళు ఎలా చేరతాయో తెలుసుకోవడం మన లంకల్లో తిరిగేవాళ్ళకి చాలా అవసరం. హౌసింగ్ మీద చిన్న బ్రీదరు ఉంటుంది, లోపలి గాలి వేడెక్కితే బయటకి పోడానికి. దూరం తిరిగి వేడెక్కిన హౌసింగ్ గోదావరి వరద నీళ్ళలోనో, పంటు రేవు దిగుడులోనో ఒక్కసారిగా మునిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. అప్పుడు బ్రీదరు నుంచీ సీళ్ళ పెదాల నుంచీ నీళ్ళని లోపలికి పీలుస్తుంది. బ్రీదరు మట్టితో పూడిపోతే ఇంకో ముప్పు: వేడి గాలి దారి లేక పినియన్ సీలు నుంచి నూనెని బయటకి నెడుతుంది. సీలు మార్చినా కారుతోందంటే బ్రీదరు చూడండి. నీళ్ళలో దిగాల్సి వస్తే ముందు బండి ఆపి హౌసింగ్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. దిగిన తర్వాత వారం లోపు నూనె చూడండి, రంగు మారితే మార్చండి. ఒకసారి మార్చి కొంచెం తిప్పి మళ్ళీ మారిస్తే మూలల్లో మిగిలిన తేమ కూడా పోతుంది.

హౌసింగ్‌లో హైపాయిడ్ పళ్ళకి తగిన 90 గ్రేడు ఇ.పి. (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) గేరు నూనె తప్పనిసరి, ఆ పళ్ళు తిరుగుతూనే పక్కకి ఒరుసుకుంటాయి కాబట్టి మామూలు నూనె పొర నిలవదు. అదే నూనెని గేరుబాక్సులో పోసేయొద్దు. కొన్ని ఇ.పి. నూనెలు లోపలి ఇత్తడి రింగుల్ని తింటాయి, గేరుబాక్సుకి ఏది పోయాలో బండి మాన్యువల్ ప్రకారమే పోయండి. రొద తగ్గించాలని రంపపు పొట్టో, అరటిపండో హౌసింగ్‌లో వేసి అమ్మే పాత పద్ధతి ఇంకా వింటున్నాం. కొనేటప్పుడు లెవెల్ ప్లగ్గు విప్పి వేలు పెట్టి చూడండి, నూనె చిక్కగా ముద్దగా తగిలితే ఆ బండి వదిలేయండి.

క్రౌన్ నిజంగా అయితే

హబ్బు బేరింగు, క్రాసు మార్చి, యూ బోల్టులు బిగించాక నా బండి మూడు శబ్దాలూ పోయాయి. అప్పుడు వాటి కింద దాక్కున్న నాలుగోది బయటపడింది: 65 దగ్గర యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రమే సన్నటి కూత. ఇది క్రౌన్ పళ్ళదే. దీన్ని నేను ముట్టుకోలేదు. బండి తగ్గేటప్పుడు పళ్ళ వెనక వైపు పనిచేస్తుంది, ఆ వైపు కొంచెం అరిగింది, అంతే. పినియన్ ఫ్లాంజి కదలడం లేదు, నూనెలో రేకులు లేవు. ఏళ్ళ తరబడి స్థాయి మారకుండా ఉండే కూతని వదిలేయడమే మంచిది.

మీది కూడా అలాంటిదే అయితే ఒక పుస్తకంలో రాసుకోండి: ఏ వేగంలో, నొక్కినప్పుడా వదిలినప్పుడా, ఎంత గట్టిగా, నూనె మార్చిన కిలోమీటర్లు ఎన్ని. యూ బోల్టులు మార్చినా బిగించినా కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ ఒకసారి పానా వేయండి, కమాన్ పట్టీలు కూర్చున్నాక అవి తప్పకుండా వదులవుతాయి. వదిలినప్పటి కూత నొక్కినప్పుడు కూడా మొదలైనా, స్థాయి మారినా, పినియన్ సీలు దగ్గర కొత్తగా నూనె కనపడినా అప్పుడు దింపించండి. దింపించినప్పుడు షిమ్ములు ఏ పక్కవి ఆ పక్కనే పెట్టించండి, పళ్ళకి రెడ్ లెడ్ రాసి తిప్పి మచ్చ ఎక్కడ పడుతోందో మీ కళ్ళతో చూడండి, పళ్ళ మధ్య ఖాళీని డయల్ గేజీతో కొలిపించండి. ఇలాంటి కార్లలో అది సాధారణంగా 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో ఉన్నదే పెట్టించండి. గేజీ లేని షెడ్డులో ఈ పని చేయించొద్దు. పాత సామాను కొట్లో జత కొంటుంటే క్రౌన్ మీదా, పినియన్ మొహం మీదా చెక్కిన జత నంబరు ఒకటేనా చూడండి. వేరుగా ఉంటే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.